మీ షెడ్డులోకి జబ్బు ఏ దారిన వచ్చింది?

ప్రశ్న:

డాక్టరు గారికి నమస్కారం. మాది నాగర్‌కర్నూలు జిల్లాలో ఒక పల్లె. హైదరాబాదులో ఉద్యోగం మానుకొని, రెండేళ్ల కిందట ముప్పై గుంటల్లో షెడ్డు వేసి నెల్లూరు జోడిపి గొర్రెలు అరవై పెట్టాను. మేతకు బయటికి తోలను. కోసి తెచ్చిన గడ్డి, దాణా, బోరు నీళ్లు, అన్నీ షెడ్డులోనే. నిరుడు దసరాకు ముందు ఒక ఆదివారం సంతలో పన్నెండు గొర్రెలు కొని తెచ్చి మందలో కలిపాను. ఆ శనివారం కొత్తవాటిలో రెండింటికి జ్వరం వచ్చింది. కళ్ల వెంట నీళ్లు, ముక్కు కారడం. ప్రయాణపు బడలిక అనుకున్నాను. తరువాతి బుధవారం మా ఊరి గొల్ల పెద్దాయన తన మూడు వందల మందను మా షెడ్డు పక్క బాటన తోలుకుపోయాడు. ఏడాదిలో సగం రోజులు వలసలో తిరిగే మంద అది. రెండు రోజులకే, అంటే శుక్రవారానికి, నా పాత గొర్రెలు కూడా పడిపోయాయి. నోట్లో పుండ్లు, పారుడు. నమూనాలు పంపితే పి.పి.ఆర్. (గొర్రెలకు, మేకలకు వచ్చే ప్రాణాంతకమైన అంటుజబ్బు) అని తేలింది. పంతొమ్మిది చచ్చిపోయాయి. పెట్టుబడిలో కొంతైనా దక్కుతుందని, అప్పటికి బాగున్న ఎనిమిదింటిని అదే సంతలో అమ్మేశాను.

ఇప్పుడు మా చుట్టూ రెండు కిలోమీటర్లలోపే ఇంకో మూడు ఫారాలు వచ్చాయి. నా దగ్గర పనిచేసే కుర్రాడు సాయంత్రాలు వాటిలో ఒకదానికి కూడా వెళ్తాడు. మంచి పొటేలు ఒకటి ఉంటే నలుగురం వాడుకుంటున్నాం. ఆ పెద్దాయన తన మందలో జబ్బే లేదంటాడు, నాకు నమ్మకం లేదు. షెడ్డు చుట్టూ ఏడడుగుల గోడ కట్టిద్దామంటే మేస్త్రీ ఆరు లక్షల పైమాటే అంటున్నాడు. గోడ కడితే జబ్బు ఆగుతుందా? ఇది గాలిలో వస్తుందా? మందను వేరే బాటన తోలుకోమని పంచాయతీలో చెప్పించవచ్చా? బతికిన గొర్రెలకు మళ్లీ వస్తుందా?

సమాధానం:

ముందు గోడ సంగతి. కట్టకండి. ఆరు లక్షలతో ఇంకో షెడ్డు వేసుకోవచ్చు, అప్పు ఉంటే తీర్చుకోవచ్చు. మీ గొర్రెలను చంపిన జబ్బు గోడ దూకి రాలేదు. మీరే కిరాయి ఇచ్చి బండిలో తెచ్చుకున్నారు. మాట కటువుగా ఉందని తెలుసు. కాని సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది. వారాల పేర్లతో సహా మీరే రాశారు. నేను చేసిందల్లా వాటిని వేళ్ల మీద లెక్కపెట్టడమే.

పి.పి.ఆర్. క్రిమి ఒంట్లో చేరాక జ్వరం బయటపడడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది, కొన్నిటిలో పది రోజుల దాకా పోతుంది. మీరు ఆదివారం కొన్నారు, శనివారం జ్వరం. అంటే ఆరో రోజు. సంతలోనో, బేరగాడి దొడ్డిలోనో, బండిలోనో అప్పటికే అంటుకొని ఉండాలి. జ్వరం వచ్చిన జీవం చీమిడిలో, కన్నీటిలో, చొంగలో, పెంటికల్లో క్రిమిని వదులుతూనే ఉంటుంది. మీ పాత గొర్రెలు దానితో ఒకే తొట్టిలో మూతులు పెట్టాయి. శనివారం నుంచి మళ్లీ లెక్కపెట్టండి. శుక్రవారం వచ్చేది ఆరో రోజే. మొదటి లెక్క ఎంతో, రెండో లెక్క కూడా అంతే. ఇక మంద బాటన పోయిన బుధవారానికీ, మీ పాత గొర్రెలు పడిపోయిన శుక్రవారానికీ మధ్య ఉన్నవి రెండే రోజులు. నడిచిపోయే మంద నుంచి, తడిక అవతల ఉన్న గొర్రెలకు నిమిషాల్లో అంటుకొని, రెండు రోజుల్లో అన్నీ ఒకేసారి పడిపోయాయంటే నేను నమ్మను. మీరూ నమ్మేవారు కాదు, ఆ మంద అటుగా పోవడం కళ్లతో చూసి ఉండకపోతే.

గాలిలో వస్తుందా అని అడిగారు. దగ్గరగా ఉంటే వస్తుంది. తుమ్మితే, దగ్గితే లేచే తుంపరలు పక్క గొర్రె ముక్కుకు చేరితే చాలు. కాని ఈ క్రిమి బయట ఎండకు, పొడి గాలికి తొందరగా చచ్చిపోతుంది. బాటకూ మీ తడికకూ మధ్య మూతికి మూతి తగలనంత ఎడం ఉంటే సరిపోతుంది. పది అడుగులు వదిలి లోపల ఇంకో వరుస కంచె వేయండి. ఆ మధ్య జాగాలో అవిసె పెంచుకోండి, మేతకూ పనికొస్తుంది.

అన్ని క్రిములూ ఇంత సుకుమారమైనవి కావు. గొర్రె మశూచి (మన వైపు బొబ్బ రోగం అంటారు) పొక్కు ఎండి రాలిన పెచ్చులో నెలల తరబడి బతుకుతుంది, నీడపట్టు షెడ్డులో అయితే మరీ ఎక్కువ కాలం. మూతి చుట్టూ పుండ్లు లేచే జబ్బు ఒకటి ఉంది. దాని పెచ్చులు పొడిగా ఉంటే ఏళ్లకేళ్లు క్రిమిని దాచిపెడతాయి, పైగా పాలు పట్టే మనిషి చేతికి కూడా అంటుతుంది. అందుకే ఎవరైనా ఫారం ఎత్తేస్తూ పాత తొట్లు, తడికలు చవగ్గా ఇస్తామంటే నేను వద్దనే చెబుతాను.

ఇప్పుడు సంత గురించి. మీ జబ్బు మూలం అక్కడ ఉంది కాబట్టి కొంచెం సేపు అక్కడే నిలబడదాం.

ఆ పన్నెండు గొర్రెలు ఎన్ని మందలవి? మీరు రాయలేదు, బహుశా అడగలేదు కూడా. బేరగాళ్లు ఊరికి రెండు, మూడు చొప్పున ఏరి తెస్తారు. రెండు మూడు రోజులు తమ దొడ్డిలో కలిపి ఉంచుతారు. సంత రోజు వాటికి సైజులవారీగా రంగు పూసి ఒక వరుసన కట్టేస్తారు. చూడడానికి ఒక మందలాగే కనబడతాయి. చిన్న లెక్క వేద్దాం. ఇరవై మందల్లో ఒకదానిలో జబ్బు ఉందనుకోండి. పన్నెండూ ఒకే మంద నుంచి తెస్తే, నూటికి ఐదు పాళ్లే ప్రమాదం. అదే పన్నెండును ఎనిమిది మందల నుంచి ఏరితే ప్రమాదం నూటికి ముప్పై నాలుగుకు చేరుతుంది. గొర్రెల సంఖ్య మారలేదు, ధర కూడా పెద్దగా మారలేదు. మారింది వాటి వెనక ఉన్న దొడ్ల సంఖ్య ఒక్కటే. కొనేటప్పుడు పళ్లు చూస్తాం, పొదుగు చూస్తాం, వెన్ను పట్టి చూస్తాం. ఎన్ని చేతులు మారి వచ్చిందని మాత్రం అడగం.

దసరాకు ముందు కొన్నానన్నారు. దసరా, సంక్రాంతి, బక్రీదు ముందు వారాల్లో జీవాలు మిగతా రోజుల్లో తిరగనంత తిరుగుతాయి. హైదరాబాదులో జియాగూడ గొర్రెల మండీకి పోయే లారీలు, ఊళ్ల మధ్య తిరిగే ఆటోలు, అన్నీ నిండుగానే ఉంటాయి. మేత, నీళ్లు లేక గంటలకొద్దీ ఒరుసుకుంటూ వచ్చిన గొర్రెకు జబ్బును తట్టుకొనే శక్తి కూడా తగ్గుతుంది. పైగా అప్పుడు ధర ఎక్కువ. పెంపకానికి కొనేవాడు పండగ ముందు సంతకు ఎందుకు వెళ్లాలో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

అమ్ముడుపోయే గొర్రె జబ్బును ఎంత దూరం మోయగలదో చెప్పడానికి 2001 నాటి బ్రిటన్ కథ ఒక్కటి చాలు. అది గాలికుంటు. ఈశాన్య ఇంగ్లండులో ఒక పందుల ఫారంలో మొదలై పక్కన ఉన్న గొర్రెలకు అంటింది. గాలికుంటు గొర్రెల్లో ఆవులలో మాదిరిగా బయటికి కనిపించదు. కొద్దిగా కుంటుతాయి, అంతే. అందువల్ల ఎవరికీ అనుమానం రాకుండానే ఆ గొర్రెలు హెక్సమ్ సంతకు, అక్కడి నుంచి లాంగ్‌టౌన్ సంతకు చేరాయి. బేరగాళ్లు కొని దేశమంతా పంచారు. ఫిబ్రవరి 20న జబ్బు సంగతి బయటపడింది, 23న పశువుల రవాణాను ఆపేశారు. అప్పటికే ఆలస్యమైపోయింది. అది తగ్గేలోపు 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది, వాటిలో ఎక్కువ గొర్రెలే. ఆ తరువాత ఇంగ్లండులో ఒక నిబంధన వచ్చింది. ఫారంలోకి బయటి గొర్రె ఒక్కటి వచ్చినా, ఆరు రోజుల దాకా ఆ ఫారం నుంచి గొర్రెలు, మేకలు, ఆవులు కబేళాకు తప్ప బయటికి కదలకూడదు. మనకు అలాంటి నిబంధన లేదు. కాని ఎవరి ఫారానికి వారు పెట్టుకుంటే కాదనేవారు లేరు.

2019 పశుగణన లెక్కల్లో దేశం మొత్తం మీద 7.4 కోట్ల గొర్రెలు ఉంటే, తెలంగాణలో 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. 2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలయ్యాక పొరుగు రాష్ట్రాల నుంచి కూడా లారీల కొద్దీ వచ్చాయి. ఇన్ని జీవాలు ఇన్ని బాటల్లో తిరిగే చోట మీ షెడ్డు ఒక ద్వీపం కాదు. బయటికి తోలకపోవడం వల్ల మీకు నట్టల బెడద తగ్గింది, అది నిజమైన లాభం. కాని సంతలో కొన్న రోజు మీ అరవై గొర్రెలూ సంతకు వెళ్లి వచ్చినట్టే.

ఇక మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేసిన విషయానికి వస్తాను. బాగున్న ఎనిమిదింటిని అదే సంతలో అమ్మారు. అవి బాగున్నవి కావు, ఇంకా బయటపడనివి. జ్వరం వచ్చినవాటితో వారం పాటు ఒకే తొట్టిలో తిన్న గొర్రెలు అవి. ఎవరో కొన్నారు. ఆరు రోజుల తరువాత వాళ్ల దొడ్డిలో రెండింటికి కళ్ల వెంట నీళ్లు కారి ఉంటాయి. వాళ్లూ ప్రయాణపు బడలిక అనుకొని ఉంటారు. మీకు ఆ పన్నెండింటిని అమ్మినవాడు కూడా పెట్టుబడిలో కొంతైనా దక్కుతుందనే అమ్మి ఉండవచ్చు. మిమ్మల్ని తప్పు పట్టడానికి రాయడం లేదు. నష్టపోయిన ప్రతివాడికీ మొదట తోచే ఆలోచనే అది. మందల మధ్య జబ్బు పాకడానికి దానంత బలమైన కారణం నా ఉద్యోగ జీవితంలో ఇంకొకటి చూడలేదు. చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. పశువుల అంటువ్యాధుల నివారణ కోసం 2009లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, జాబితాలో ఉన్న జబ్బు అనుమానం వస్తే యజమాని గ్రామాధికారికో, పంచాయతీకో తెలపాలి, జబ్బు జీవాలను వేరుచేయాలి. ఇలాంటిది మళ్లీ కనబడితే మొదటి రోజే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోను చేయండి, అమ్మకాలు, కొనుగోళ్లు ఆపేయండి, చుట్టూ ఉన్న ముగ్గురికీ అదే సాయంత్రం చెప్పండి. పరువు పోతుందని దాచకండి. వారం గడిస్తే వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది, మీ నోటితో కాకుండా.

కొత్త గొర్రెలను వేరుగా ఉంచడం గురించి వివరంగా రాస్తాను. నలుగురిలో ముగ్గురు ఇక్కడే తప్పు చేస్తారు. వేరుగా ఉంచాం డాక్టరు గారూ అంటారు. వెళ్లి చూస్తే, అదే షెడ్డులో చివరి గదిలో ఒక వెదురు తడిక అడ్డం పెట్టి ఉంటారు. తడిక సందుల్లోంచి కొత్త గొర్రె, పాత గొర్రె ముక్కులు రాసుకుంటూ ఉంటాయి.

మీకు ముప్పై గుంటలు ఉంది. షెడ్డుకు వీలైనంత దూరంగా, గాలి షెడ్డు వైపు నుంచి అటు వీచే మూలన, పది పదిహేను గొర్రెలు పట్టే రేకుల పాక వేయించండి. గోడకు అనుకున్న దానిలో చిన్న వంతుతో అయిపోతుంది. దానికి విడిగా నీళ్ల తొట్టి, మేత తొట్టి, చీపురు, బకెట్టు ఉండాలి. అక్కడి మురుగు షెడ్డు వైపు పారకూడదు. కొత్తవి అందులో కనీసం 21 రోజులు ఉండాలి. నెల ఉంటే ఇంకా మంచిది. పొద్దున్నే పాత మందకు మేత వేసి, నీళ్లు పెట్టి, అన్ని పనులూ ముగించాక చివర్లో కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. అక్కడి నుంచి మళ్లీ షెడ్డులోకి రావద్దు. తప్పనిసరైతే కాళ్లూ చేతులూ కడుక్కొని, బట్టలు, చెప్పులు మార్చుకొని రండి. ఆ మూడు వారాల్లో రోజూ థర్మామీటరు పెట్టక్కర్లేదు, కాని రోజూ నిలబడి చూడండి. ముక్కు, కళ్లు, వెనక భాగం, నడక. నట్టల మందు ఆ రోజుల్లోనే తాగించండి. గిట్టల మధ్య కుళ్లు ఉందేమో ప్రతి కాలూ ఎత్తి చూడండి. గిట్టకుళ్లు ఒకసారి మందలో చేరితే ఏళ్ల తరబడి వదలదు. దాని క్రిమి నేల మీద రెండు వారాలకు మించి బతకదు గాని, గొర్రె గిట్టలో హాయిగా ఉంటుంది. కాళ్లు ముంచే తొట్టికి మైలుతుత్తం కన్నా జింకు సల్ఫేటు మేలు. మైలుతుత్తంలో ఉండే రాగి గొర్రెకు విషం. దప్పికతో ఉన్న గొర్రె మైలుతుత్తం నీళ్లు తాగితే, కాలు బాగవడం మాట అటుంచి ప్రాణమే పోతుంది.

చివరి వారంలో మీ పాత గొర్రెలను ఒకటి రెండు తెచ్చి కొత్తవాటితో కలిపి చూడండి. వాటికి ఏమీ కాకపోతే అప్పుడు అన్నిటినీ కలపండి. పాతకాలపు పద్ధతే, ఇప్పటికీ పనిచేస్తుంది. కాని పి.పి.ఆర్. విషయంలో మీ పాత గొర్రెలు పరీక్షకు పనికిరావు. ఎందుకో చివర్లో చెబుతాను.

అసలు సంతకే పోకుండా, తెలిసిన ఒక్క మంద నుంచి, టీకాలు వేసి మూడు వారాలైన గొర్రెలను నేరుగా కొనడం అన్నిటికన్నా మంచి దారి. రెండు వందలు ఎక్కువ అడిగితే ఇచ్చేయండి.

మీ కుర్రాడి గురించి. రెండు ఫారాల్లో పనిచేసే మనిషి రెండు ఫారాలనూ ఒక ఫారంగా మారుస్తాడు. అతని తప్పేమీ లేదు, మీరిద్దరూ చెరిసగం జీతం ఇస్తే అతను మాత్రం ఏం చేస్తాడు? కుదిరితే పూర్తి జీతానికి మాట్లాడుకోండి. కుదరకపోతే మీ షెడ్డులో తొడుక్కోవడానికి ఒక జత రబ్బరు చెప్పులు, ఒక లుంగీ, చొక్కా గేటు దగ్గర కొక్కేనికి వేలాడదీయండి. గేటు ముందు సున్నం నీళ్ల గుంట ఒకటి తవ్వి, జాగ్రత్త పడ్డామని అనుకుంటారు చాలామంది. చెప్పుకు పెంట అంటుకొని ఉంటే ఏ మందూ క్రిమి దాకా పోదు. ముందు బ్రష్షుతో రుద్ది కడగాలి, ఆ తరువాతే మందు నీళ్లు. దాణా సంచులు తిరిగి వాడకండి. బేరగాడి బండిని గేటు లోపలికి రానివ్వకండి. అమ్మాల్సినవాటిని మీరే గేటు బయటికి తెచ్చి చూపించండి. అంతకుముందు అతను ఎన్ని దొడ్లలో దిగి వచ్చాడో అతనికే గుర్తుండదు.

ఇది చెప్పే అర్హత నాకు ఒక అవమానం వల్ల వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మశూచి టీకాలు వేస్తూ రోజుకు నాలుగైదు మందలు తిరిగేవాణ్ణి. అవే చెప్పులు, అదే సూది. ఒక ఊళ్లో ఒక ముసలావిడ దొడ్డి వాకిట్లో అడ్డంగా నిలబడి, పొద్దుటి నుంచి ఎవరెవరి దొడ్లలో దిగి వచ్చావు, కాళ్లు కడుక్కొని రా అంది. నాకు చాలా కోపం వచ్చింది. అయినా వెళ్లి కడుక్కొని వచ్చాను. సూది మాత్రం మార్చలేదు, ఆవిడా సూది గురించి అడగలేదు. పది రోజులకు నేను తిరిగిన మందల్లో గొర్రెలకు సూది గుచ్చిన చోట చీము గడ్డలు లేచాయి. ఆవిడ మందలోనూ లేచాయి. తరువాత ఆ ఊరు వెళ్లినప్పుడు నన్ను చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి మందకు మందకు సూది మార్చకుండా ఎవరైనా టీకా వేస్తుంటే నేను చెయ్యి పట్టుకుంటాను. మీరూ పట్టుకోండి, డాక్టరైనా సరే.

పొటేలును నలుగురు వాడుకోవడం మానండి. ఈసుకుపోయే (కడుపు నిలవక పిల్ల పడిపోయే) జబ్బు పొటేలు ద్వారా మందలు దాటుతుంది, మనుషులకు కూడా విడవని జ్వరంగా వస్తుంది. ఈసుకుపోయిన పిల్లను, మాయను ఒట్టి చేతులతో ముట్టుకోకండి.

ఇంతవరకు చెప్పినదంతా గొర్రె నుంచి గొర్రెకు అంటే జబ్బుల గురించి. గోడ, పాక, గేటు వేటినీ లెక్క చేయని జబ్బులు కొన్ని ఉన్నాయి. వాటిని కూడా పక్క మంద మీదికి నెట్టేస్తుంటారు గనుక చెప్పాలి. వానలు పడ్డాక మూతి వాచి, నాలుక కమిలి, కుంటుతూ ఉంటే అది నీలినాలుక. గొర్రె నుంచి గొర్రెకు తాకితే రాదు. దోమకన్నా చిన్నదైన ఒక కుట్టే పురుగు మోసుకొస్తుంది. ఆ పురుగు పేడ కలిసిన బురదలో పుడుతుంది. అంటే మీ షెడ్డు వెనక ఎరువు గుంట పక్కనే పుట్టవచ్చు. గుంటను దూరంగా జరిపి, నీరు నిలవకుండా చూసి, సాయంత్రం వేపాకు పొగ వేయండి. టీకా వానలకు ముందే వేయించండి. ఈ క్రిమిలో రెండు డజన్లకు పైగా రకాలు ఉన్నాయి, మన టీకాలో ఉన్నవి ఐదు. కాబట్టి టీకా వేశాం కదా అని బురదను వదిలేయకూడదు.

రాత్రి బాగున్న గొర్రె, అందులోనూ మందలో బలిసిన పిల్ల, తెల్లారేసరికి చచ్చి పడి ఉంటే చిటుకు రోగమేమో చూడాలి. ఆ క్రిమి మామూలుగానే పేగుల్లో ఉంటుంది. తొలకరి లేతగడ్డి గానీ, ఒక్కసారిగా పెంచిన దాణా గానీ దానికి ఊపు ఇస్తుంది. మీలాంటి షెడ్డు పెంపకంలో దాణా మీద ప్రేమ ఎక్కువ గనుక ఇది మీకే ఎక్కువ ప్రమాదం. ఏటా వానలకు ముందు దీని టీకా పడాలి. అదే హఠాత్తుగా చచ్చిన గొర్రె ముక్కులోంచో, వెనక నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం వస్తే కోయకండి, తోలు తీయకండి, కుక్కలను దగ్గరికి రానివ్వకండి. దొమ్మ రోగం కావచ్చు. డాక్టరు వచ్చేదాకా కప్పి ఉంచండి. దాని బీజాలు మట్టిలో దశాబ్దాలు ఉంటాయి.

చచ్చినవాటిని ఏం చేశారో మీరు రాయలేదు. చెరువు గట్టు అవతల పడేసి ఉంటే ఈసారి అలా చేయకండి. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. తలకాయలు కుక్కలకు వేయకండి. గొర్రె తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతూ చచ్చిపోయే జబ్బు కుక్క పేగులోని బద్దె పురుగు వల్లే వస్తుంది. కావలి కుక్కకు కూడా గొర్రెలతో పాటే నట్టల మందు వేయండి.

ఇక ఆ పెద్దాయన. వలస మందలో ప్రమాదమే లేదని నేను అనను. కోత కోసిన మళ్లలో నాలుగైదు మందలు ఒకచోట చేరతాయి, ఒకే కాలువలో నీళ్లు తాగుతాయి, రాత్రి పక్కపక్కనే మంద కడతారు. నడవలేని గొర్రెలను దారిలో చవగ్గా అమ్మేస్తారు. ఆ చవక గొర్రెను మీరు ఎప్పుడూ కొనకండి. టీకాల బృందం ఊరికి వచ్చిన రోజున మంద ఎక్కడో ఆయకట్టులో ఉంటుంది. ఇవన్నీ నిజమే. కాని మీ పంతొమ్మిదింటి లెక్క ఆయన ఖాతాలో రాయడానికి మీ ఉత్తరంలో ఆధారం లేదు. నిజానికి భయపడాల్సినవాడు ఆయనే. ఆ బుధవారం నాటికి జబ్బు ఉన్నది మీ షెడ్డులో. ఆయన మూడు వందల గొర్రెలు దాని పక్క నుంచి నడిచాయి. బాట మార్చమని పంచాయతీకి వెళ్లవద్దు. బాట ఆయన తాతల నాటిదై ఉంటుంది, మీ షెడ్డు వయసు రెండేళ్లు. నేరుగా ఆయన దగ్గరికే వెళ్లండి. నిరుడు జరిగింది జరిగినట్టు చెప్పండి. మంద ఎప్పుడు వెళ్తుంది, ఎప్పుడు వస్తుంది అని అడగండి. ఆ రెండు రోజులూ మీ కొత్త పాకలో గొర్రెలు లేకుండా చూసుకోవచ్చు.

చివరి ప్రశ్న, బతికినవాటికి మళ్లీ వస్తుందా అని. రాదు. పి.పి.ఆర్. నుంచి కోలుకున్న గొర్రెకు జన్మంతా రక్షణ ఉంటుంది, అది జబ్బును దాచుకొని ఇతర గొర్రెలకు పంచదు కూడా. అరవై, పన్నెండు కలిపి డెబ్బై రెండు. చచ్చినవి, అమ్మినవి పోను మీకు నలభై ఐదు ఉండాలి. వాటి విషయంలో నిశ్చింతగా ఉండండి. చింత అంతా వాటికి పుట్టిన పిల్లల గురించి. తల్లి పాల రక్షణ మూడు నాలుగు నెలలకు అయిపోతుంది. నాలుగో నెలలో టీకా పడాలి. ఒక్క టీకా కనీసం మూడేళ్లు కాపాడుతుంది. మన దేశంలో ఈ జబ్బును మొదటిసారి 1987లో తమిళనాడు గొర్రెల్లో గుర్తించారు. పశువులను ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్‌కు ఇది దాయాది. ఆ పెద్ద జబ్బు ప్రపంచంలోనే లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. దీన్ని కూడా 2030 నాటికి అలాగే చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. చేతిలో ఉన్న టీకా మంచిది. దాన్ని అందరికీ చేర్చడంలోనే చిక్కంతా ఉంది.

ఆ చిక్కు మీ ఊళ్లోనే ఎలా ఉంటుందో చూడండి. టీకా చల్లగా, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. సీసాలో టీకాతో ఇచ్చే ద్రవం కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, మిగిలితే పారబోయాలి. నూరు డోసుల సీసా తెరిచారనుకోండి. మీ దగ్గర ఈడుకు వచ్చిన పిల్లలు ఇరవై ఉంటాయేమో. మిగతా ముగ్గురు ఫారాల వాళ్లవి ఇంకో ముప్పై అనుకుందాం. ఇంకా యాభై డోసులు మిగులుతాయి. ఆ పెద్దాయన మందలో పోయిన ఏడు పుట్టిన పిల్లలు అంతకన్నా ఎక్కువే ఉంటాయి. మంద ఊళ్లో ఉన్న రోజుల్లోనే పశువైద్యశాలలో మాట్లాడి, ఒక తెల్లవారుజామున అందరికీ కలిపి వేయించండి. మందకో సూది మాత్రం మీరే కొని పెట్టుకోండి.